కరిగించే ముందు తేదీ చదవండి: బంగారం కొట్ల వారికి బహిరంగ లేఖ

విజయవాడ వన్ టౌన్, గవర్నరుపేట, బీసెంట్ రోడ్డు కొట్ల యజమానులకు, గుంటూరులో బంగారం వ్యాపారం చేసే పెద్దలకు, ముఖ్యంగా కౌంటర్ అవతల కూర్చుని పాత బంగారం చూసి ధర కట్టే తమ్ముళ్లకు,

నమస్కారం.

నేను వ్యాపారిని కాను. నాణేలు పోగేసే సరదా కూడా మూడేళ్ల కిందటి వరకు లేదు. ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకుంటూ రిటైరయ్యాను. స్క్రూగేజీ, వెర్నియర్ కాలిపర్స్, త్రాసు, వీటితోనే నా ఉద్యోగం అంతా గడిచింది. మీ మీద కోపంతో ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోవద్దు. కోపం అప్పట్లో ఉండేది, ఇప్పుడు తగ్గింది. ఆ రోజు మీ కౌంటర్ ముందు నేను కూడా మీలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాను కాబట్టి, తప్పులో నా వాటా నాకుంది.

మూడేళ్ల కిందట మా మేనత్తకి మోకాలి ఆపరేషన్ అన్నారు. డబ్బు సర్దుబాటు కోసం తన కాసుల గొలుసు అమ్మేద్దామంది. గొలుసంటే మరీ పెద్దదేం కాదు, సన్నటి గొలుసుకి మూడు ఇంగ్లీషు కాసులు వేలాడుతుండేవి. వాళ్ల అత్తగారి తరం నుంచి వచ్చినవి. ఒక్కో కాసు నెత్తి మీద చిన్న ఉంగరం టంకం పెట్టి అతికించారు. "ఒరేయ్, నువ్వు పక్కనుండరా, తూకంలో మోసం చేస్తారు" అంది అత్తయ్య. నేను పక్కనే ఉన్నాను. తూకమే చూశాను. తూకంలో ఏ మోసమూ జరగలేదు.

గొలుసు విడిగా, కాసులు విడిగా తూచారు. మూడు కాసులూ ఉంగరాలతో కలిపి 24.60 గ్రాములు. ఒక్కోటీ క్యారెట్ మిషన్‌లో పెడితే మూడూ 91.6 కి అటూ ఇటూగా చూపించాయి. అంతలో కౌంటర్ అవతలి కుర్రాడు ఒక కాసు తీసి అంచుని గీటురాయి మీద గట్టిగా గీశాడు. మిషన్ చెప్పాక మళ్లీ రాయి ఎందుకో అప్పుడు అడగాలని తోచలేదు. "టంకం ఉంది మామ్మగారూ, ఎనిమిది పర్సెంటు తరుగు తీస్తాం" అన్నాడు. అత్తయ్య తలూపింది. పావుగంటలో మూడు కాసులూ మూసలో ముద్దయిపోయాయి.

తర్వాత కొన్ని నెలలకి, మా బంధువులమ్మాయి పెళ్లి ఫొటోలు ఫోన్లో చూస్తున్నాను. అత్తయ్య మెడలో ఆ గొలుసు ఉంది. ఊరికే పెద్దది చేసి చూశాను. ఒక కాసు మీద రాణిగారు, ముసుగుతో. ఇంకో దాని మీద గుర్రం. మూడో దాని మీద గుర్రం లేదు! చుట్టూ పూల తీగ, మధ్యలో 15 అనే అంకె, కింద 1918. అది సవరను, అంటే మనం ఇంగ్లీషు కాసు అనే బంగారు నాణెం, కాదు. అది బొంబాయి టంకశాలలో కొట్టిన పదిహేను రూపాయల మొహరు.

ఆ నాణెం కథ తెలుసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. మీ కౌంటర్‌లో అది ఉన్నది పది నిమిషాలు. కథ ఇదీ. 1899 చట్టంతో మన దేశంలో ఇంగ్లీషు సవరను 15 రూపాయలకు సమానంగా చెల్లుబాటయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువొచ్చి రూపాయలకు కటకట ఏర్పడింది. చేతిలో ఉన్న బంగారాన్నే నాణేలుగా కొడదామనుకున్నారు. బొంబాయిలో లండన్ టంకశాలకు ఒక శాఖ తెరిచారు. కానీ సవరను కొట్టే అచ్చులు లండన్ నుంచి రావాలి. అవి వచ్చేదాకా ఆగకుండా 1918లో ఈ 15 రూపాయల నాణెం కొట్టారు. బరువు, మేలిమి అచ్చంగా సవరనువే. ఆ తర్వాత అచ్చులు వచ్చాయి, అదే ఏడాది సవరన్లు కూడా కొట్టారు, 1919లో ఆ శాఖ మూసేశారు. ఈ 15 రూపాయల నాణెం ఆ ఒక్క ఏడాదితోనే సరి. దాని మీద అయిదో జార్జి తలకి కిరీటం ఉంటుంది. సవరను మీద అదే రాజు బోడి తలతో ఉంటాడు. అంత దూరం నుంచి చూసినా తెలిసే తేడా, మనకి తెలియలేదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మా అత్తయ్యకి లక్షలు పోయాయని నేను అనడం లేదు. ఆ నాణేలు దాదాపు 21 లక్షలు కొట్టారు, దొరకనివేమీ కావు. పైగా మా దానికి నెత్తిన ఉంగరం అతికించి ఉంది, టంకం పెట్టిన నాణెం అంటే సేకరించేవాళ్లు మొహం చిట్లిస్తారు. అయినా బంగారం ధర మీద ఎంతో కొంత ఎక్కువ పలికేది. ఎంత పలికేదో తెలుసుకునే అవకాశం కూడా లేకుండా కరిగిపోయింది. నా బాధ అంతా అక్కడే.

ఇక ఎనిమిది పర్సెంటు సంగతి. ఇది పాత నాణెం గొడవ కాదు, ఉత్త లెక్క. సవరను కొత్తగా ఉన్నప్పుడు 7.988 గ్రాములు. మన వాళ్లు కాసు అంటే 8 గ్రాములు అని గుండ్రంగా అనేది అందుకే. వాడకంలో అరిగి 7.938 కంటే తగ్గితే ఇంగ్లండులో దాన్ని చెల్లని నాణెం కింద లెక్కగట్టేవారు. మా మూడు కాసులూ అంతగా అరిగాయనే అనుకుందాం. మూడు కలిపి 23.81 గ్రాములు. మొత్తం తూకం 24.60. అంటే ఉంగరాలూ టంకమూ అన్నీ కలిపితే 0.79 గ్రాము. ముప్పావు గ్రాము చిల్లర. ఆ ఉంగరాల్నీ టంకాన్నీ మొత్తంగా కాలవలో పారేసినా పోయేది అంతే. మీరు తీసిన తరుగు 1.97 గ్రాములు! గ్రాము పది వేలు అనుకుని లెక్క వేసుకోండి, తేలిగ్గా ఉంటుంది. ఆ రెంటికీ తేడా 1.18 గ్రాములు, అంటే దాదాపు పన్నెండు వేలు. మోకాలి ఆపరేషన్‌కి వెళ్లే మనిషి దగ్గర.

అసలు తరుగు అంచనా ఎందుకండీ? కరిగించాక వచ్చిన ముద్దని మళ్లీ తూచి, మళ్లీ మిషన్ మీద పెడితే టంకం ఎంత కలిసిందో అదే చెప్తుంది కదా. మీలో అలా చేసేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఆ తర్వాత నేను అడిగి చూసిన కొట్లలో రెండు చోట్ల అదే పద్ధతి. అక్కడ అడగకుండానే కస్టమర్ ఎదురుగా ముద్దని మళ్లీ తూచి చూపిస్తున్నారు. ఆ రెండు కొట్లకీ ఈ ఉత్తరంలో సగం అక్కర్లేదు.

అత్తయ్య దగ్గర ఇంకో రెండు కాసులు మిగిలాయి. ఇత్తడి భరిణెలో, కుంకుమ పొట్లం కింద విడిగా పెట్టుకుంది. ఉంగరాలు లేవు. ఒకదాని మీద 1911, ఇంకో దాని మీద 1912. ఈసారి వాటిని మా ఇంటికి తెచ్చి, డాబా మీద ఎండ తగిలే చోట పీట వేసుకుని కూర్చున్నాను. అక్కడ చూసిందే మీకు చెప్పాలనుకున్నది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు 1911 కాసు. పది రెట్లు పెద్దది చేసే లెన్సు పట్టుకుని, నాణేన్ని అంచు మీద వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా వంచి తిప్పాను. కొత్త నాణెం మీద వెలుగు గొడుగు కమ్మీల్లా మధ్య నుంచి అంచుకి సాగి, తిప్పే కొద్దీ చుట్టూ తిరుగుతుంది. అచ్చు కొట్టినప్పుడు లోహం బయటికి సాగిన గీతల వల్ల వచ్చే మెరుపు అది. ఒక్కసారి మెరుగు పెట్టారంటే పోతుంది, మళ్లీ రమ్మన్నా రాదు. మా కాసు మీద అక్షరాల సందుల్లో, రాజుగారి మెడ కింద ఆ మెరుపు ఇంకా ఉంది. విశాలంగా ఉన్న చోట పోయింది. తర్వాత ఎత్తుగా ఉన్న చోట్లు చూశాను. నాణెం అరిగేది ముందు అక్కడే. రాజుగారి వైపు కనుబొమ్మ, చెంప ఎముక, మీసం, చెవి పైన జుట్టు. రెండో వైపు గుర్రం ఛాతీ, గుర్రం మీద మనిషి కాలు, అతని శిరస్త్రాణం తురాయి. మా దాని మీద కనుబొమ్మ వెంట్రుకలు కలిసిపోయి నున్నగా ఉన్నాయి, మీసం మాత్రం పాయలు పాయలుగా తెలుస్తోంది. గుర్రం ఛాతీ చదునైంది. తురాయి ఉంది. అంటే చేతులు మారింది కానీ ఎక్కువ తిరగలేదన్నమాట.

గుర్రం కింద నేల గీత ఉంటుంది, దాని కింద తేదీ. తేదీకి సరిగ్గా నడుమ, నేల గీత మీద ఒక చిన్న అక్షరం ఉందేమో చూడాలి. ఎస్ అంటే సిడ్నీ, ఎం అంటే మెల్బోర్న్, పి అంటే పెర్త్, సి అంటే కెనడాలో అట్టావా, ఎస్ఏ అంటే దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా, ఐ అంటే మన బొంబాయి. ఏమీ లేకపోతే లండన్. విక్టోరియా రాణి చిన్న వయసు బొమ్మ ఉన్న పాత వాటిలో ఈ అక్షరం ఇంకో చోట ఉంటుంది. వెనక డాలు బొమ్మ ఉంటే ఆకుల దండ కింద, గుర్రం ఉంటే రాణిగారి మెడ కింద. ఈ ఒక్క అక్షరం వల్ల ధర ఎంతగానో మారుతుంది. కెనడాలో 1908లో కొట్టినవి ఆరు వందల చిల్లర మాత్రమే. లండన్‌లో 1917లో కొట్టినవి పది లక్షలకు పైనే అయినా ఎక్కువ భాగం కరిగిపోయి ఇప్పుడు దొరకడం కష్టం, అందుకే ఆ తేదీతో దొంగవి చాలా తిరుగుతాయి. అదే 1917 నేల గీత మీద ఎస్ అనో పి అనో ఉంటే మామూలు కాసే. మా 1911 దాని మీద ఏ అక్షరమూ లేదు. లండన్‌ది, చాలా ఎక్కువ కొట్టిన ఏడాది. బంగారం ధరకి కొంచెం పైన, అంతే. తెలిసి నిరాశ పడలేదు. తెలియడమే కావలసింది.

ఇక 1912 కాసు. దాన్ని చూసిన మొదటి క్షణమే నవ్వొచ్చింది. గుర్రం కింద ఉండాల్సిన రెక్కల సర్పం తొండలా ఉంది. గుర్రం మూతి గాడిదలా ఉంది. రాజుగారి చుట్టూ ఉన్న అక్షరాలు అడ్డదిడ్డంగా, చివర ఇండియా చక్రవర్తి అని చెప్పే ఆరు అక్షరాల్లో రెండు తారుమారు. తేదీ పక్కన కుడి చివర అచ్చు చెక్కిన పిస్ట్రుచ్చి పేరు పొడి అక్షరాలు బీ పీ ఉండాలి. అక్కడ ఒక మచ్చ ఉంది. మా అమ్మమ్మల కాలంలో కాసులపేరులో లెక్క తక్కువైతే కంసాలి గారు అసలు కాసు చూసి అచ్చు చేయించి పోసేవారట. ఇది అలాంటిదే. అది మోసమని కాదు, నగ కోసం చేసిన కాసు. కానీ దాన్ని అసలుదిగా అమ్మితే మోసం.

బంగారమెంతో చూద్దామని నీళ్ల పరీక్ష పెట్టాను. ఇది మీ తాతల దగ్గర ఉండేదో లేదో గానీ మా ల్యాబులో ప్రతి ఏటా చేయించేవాణ్ణి. వంద మిల్లీగ్రాముల తేడా కాదు, పది మిల్లీగ్రాముల తేడా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కావాలి. ముందు కాసుని పొడిగా తూచాను. 1911ది 7.97. తర్వాత కాటా మీద గాజు గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చేశాను. కాసుకి కుట్టు దారం కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీశాను. కాటా 0.45 చూపించింది. కాసు పక్కకి నెట్టిన నీళ్ల బరువు అది. 7.97ని 0.45తో భాగిస్తే 17.7. రాగి కలిసిన 22 క్యారెట్ల బంగారం సాంద్రత 17.6 దగ్గర ఉంటుంది. సరిపోయింది. 1912ది పొడిగా 7.60, నీళ్లలో 0.47. భాగిస్తే 16.2. అది ఇరవై క్యారెట్ల దగ్గర. కంసాలి గారు గట్టిదనం కోసం కలిపారో, ఇంకెందుకు కలిపారో ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

మిషన్ ఉండగా ఈ దారం గొడవ ఎందుకని మీరు అనొచ్చు. మిషన్ పై పొరనే చూస్తుంది. మందంగా పూత పూస్తే లోపల ఏముందో దానికి తెలియదు. బరువు, సైజు రెండూ కలిపి చూస్తే అబద్ధం దాగదు. సవరను అడ్డం 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52. అదే కొలతకి ఇత్తడితో చేసి పూత పూస్తే నాలుగు గ్రాములు కూడా తూగదు. అందుకే మందం పెంచుతారు. స్క్రూగేజీ పెట్టారంటే దొరికిపోతుంది. మరి 22 క్యారెట్ల బంగారంతోనే దొంగ సవరను కొడితే? కొట్టారు కూడా. 1950ల్లో ఇటలీలో, లెబనాన్‌లో అదే పని. తూకం, సాంద్రత అన్నీ సరిపోతాయి. అక్కడ ఇంక లెన్సూ, అక్షరాల తీరూ, అనుభవమూ తప్ప వేరే దారి లేదు. ఆ అనుభవం నాకు లేదు, ఒప్పుకుంటాను.

ఇక్కడ మా ఇంట్లో వాళ్ల మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. నేను లెన్సు కడుక్కుని వచ్చేలోపు మా కోడలు ఆ 1911 కాసుని కుంకుడు రసంలో నానబెట్టి, పళ్ల పొడితో రుద్దబోయింది. "నల్లగా ఉంది కదా మామయ్యా, తళతళలాడేలా చేసి ఇస్తాను" అని. పరుగున వెళ్లి లాక్కున్నాను. కుంకుడు రసం వల్ల ప్రమాదం లేదు. రుద్దడం వల్ల ఉంది. పళ్ల పొడి వేసి రుద్దితే సన్నటి గీతలు పడతాయి, లెన్సులో అన్నీ ఒకే దిక్కుగా జుట్టులా కనిపిస్తాయి. అది చూసిన సేకర్త సగం ధర అడగడానికి కూడా రాడు. సందుల్లో ఉన్న నలుపు నూరేళ్లు కదిలించలేదనడానికి సాక్ష్యం. మీ కౌంటర్ల మీద మాత్రం, కస్టమర్ అడగకపోయినా, ఆమ్లంలో ముంచి మెరుగు పెట్టి చేతిలో పెడతారు. మంచి మనసుతోనే. దయచేసి నాణెం అయితే అలా చేయవద్దు. గీటురాయి తప్పదనుకుంటే ఉంగరం మీద గీయండి, నాణెం అంచు మీద కాదు.

సవరన్లు ఒక ఎత్తు, వరహాలు ఇంకో ఎత్తు. మన ప్రాంతంలో పాత ఇళ్లలో, పూజ సామాన్లలో, ఎప్పుడో ఎవరో దాచిన గుడ్డ మూటల్లో ఇప్పటికీ ఒకటీ అరా బయటపడతాయి. చేత్తో కొట్టిన వాటి బరువు 3.4 గ్రాముల చుట్టూ, సైజు చిటికెన వేలి గోరంత. కొన్నింటి మీద కృష్ణదేవరాయల బాలకృష్ణుడు. కొన్నింటి మీద శ్రీదేవి భూదేవులతో వేంకటేశ్వరుడు, వాటిని మూడు సాముల వరహా అంటారు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు యంత్రం మీద కొట్టిన వరహాలకి ఒక వైపు గోపురం, చుట్టూ నక్షత్రాలు, రెండో వైపు విష్ణుమూర్తి. ఆ వైపు తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. 1818లో మద్రాసు ప్రాంతంలో రూపాయి లెక్క వచ్చాక వరహాల వాడకం ఆగింది. సవరను కరిగిస్తే పోయేది చాలాసార్లు కొద్దిపాటి డబ్బే. మంచి వరహా కరిగిస్తే ధరలో బంగారం వాటా చిన్నది, చరిత్ర వాటా పెద్దది. పోయేది ఆ పెద్ద వాటా. మూడున్నర గ్రాముల ముద్ద మీకు మిగులుతుంది.

మట్టిలో దొరికిన వాటి సంగతి వేరు. పల్నాడులో వినుకొండ దగ్గర ఒకప్పుడు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. మళ్లీ ఎక్కడైనా పునాదులు తవ్వుతుంటే దొరకవని ఏముంది? మట్టిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలని 1878 చట్టం, ఇప్పటికీ అమల్లోనే ఉంది. అలాంటిది మీ దగ్గరికి తెస్తే కొనకండి, పంపేయండి. మీకే తలనొప్పి. ఇంకో చట్టం 1972ది. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వమో, అది అనుమతించిన సంస్థో తప్ప దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. మన కృష్ణా, గుంటూరు ఇళ్లలో ఇది చాలామందికి తెలియదు. అమెరికాలో ఉన్న కూతురికి, మనవరాలికి అమ్మమ్మ కాసు ఇచ్చి పంపుతున్నారు. 1918 దాటినవి కూడా మెల్లగా ఆ గీత దాటుతున్నాయి. కాసు కొన్న కస్టమర్‌కి ఒక్క ముక్క చెప్తే మీ నోటి ముత్యాలేం రాలవు.

కస్టమర్ల వైపు తప్పు లేదా అంటే ఉంది. ఇప్పుడు ఫోన్లో ఎవడో పాత నాణెం ఉంటే లక్షలు ఇస్తామంటాడు, ముందు కమీషన్ కట్టమంటాడు, రిజర్వు బ్యాంకు పేరు చెప్తాడు. అలాంటి వాటితో మాకు సంబంధం లేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ఆ ఫోన్లు విని మీ కొట్టుకి వచ్చి, ఇత్తడి బిళ్ల పెట్టి కోటి అడిగేవాళ్లతో మీకెంత టెన్షనో నాకు తెలుసు. అలాంటి వాళ్లని భరించీ భరించీ, నిజంగా చూడాల్సిన నాణెం వచ్చినప్పుడు కూడా "అవన్నీ ఏం లేవమ్మా, బంగారం రేటే" అనేస్తున్నారు. అలవాటైపోయింది. బ్యాంకుకి వెళ్దామంటే అక్కడా దారి ఉండేది కాదు. నాణేల మీద అప్పు ఇవ్వాలంటే బ్యాంకులు అమ్మిన ప్రత్యేక నాణేలకే, అదీ 50 గ్రాముల లోపే ఇచ్చేవారు. అందువల్ల పాత కాసు పట్టుకున్న మనిషి చివరికి వచ్చేది మీ దగ్గరికే.

ఇంతకీ మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. నాణెం రూపంలో ఉన్నది ఏది వచ్చినా మూసలో వేసే ముందు తేదీ, అక్షరం చదివి స్లిప్పు మీద రాయండి. బొమ్మ రాణిదా రాజుదా, కిరీటం ఉందా లేదా, తూకం ఎంత, ఉంగరం ఉందా. రెండు నిమిషాల పని. కస్టమర్‌కి చదివి వినిపించండి. "ఇది బంగారం రేటుకేనా, ఇంకెక్కడైనా అడిగి వస్తారా" అని ఒక్క మాట అడగండి. నూటికి తొంభై మంది అప్పుడే అమ్మేస్తారు, మీ వ్యాపారానికి లోటు రాదు. మిగతా వాళ్లలో ఒకరికి ఎప్పుడో కెనడా అక్షరం దొరకొచ్చు. తరుగు మాత్రం అంచనాగా తీయవద్దు. కరిగించాక తూచి, మిషన్ చెప్పినదే కట్టండి. విడిగా కాసు ఇస్తే నూరు రూపాయల లెన్సు, స్క్రూగేజీ, చిన్న కాటా, కుట్టు దారం ఉంటే చాలు. ఏసీ కొట్టుకి ఇవి ఎంత ఖర్చు?

ఒక చిన్న విషయం, లేఖకి సంబంధం లేదనిపిస్తే వదిలేయండి. బందరు రోడ్డులో మన మ్యూజియం ఉంది కదా, ఇప్పుడు బాపు పేరు పెట్టారు. ఆ పాత భవనం 1887లో విక్టోరియా రాణి జూబిలీ పేరున కట్టిందే. సరిగ్గా ఆ ఏడాదే సవరను మీద ఆవిడ బొమ్మ కూడా మారింది. చిన్న కిరీటం, వెనక్కి జారిన ముసుగు, ఉబ్బిన కళ్లు. ఆ బొమ్మ అప్పట్లో ఎవరికీ నచ్చలేదు, 1893లో మార్చేశారు. మా వాళ్ల పెళ్లి ఫొటోలో ముసుగు రాణి ఆ తర్వాతి బొమ్మ. జూబిలీ రాణి మీ కౌంటర్‌కి వస్తే ఆ రోడ్డులో ఉన్న భవనం గుర్తుచేసుకోండి, గుర్తుపట్టడం తేలిక.

ఆ మూడు కాసుల డబ్బులూ, తరుగు తేడా కూడా, నేను తిరిగి అడగడం లేదు. కొట్టు పేరు కూడా ఎక్కడా చెప్పలేదు, చెప్పను. ఆ కుర్రాడికి ఎవరూ నేర్పలేదు, అంతే. అందుకే ఒక పని చేశాను. రాజులూ రాణుల బొమ్మలు, అక్షరం ఎక్కడ ఉంటుందో బాణం గుర్తులు, తూకం, అడ్డం, మందం అన్నీ వేసి ఒక అట్ట తయారు చేశాను, రెండు వైపులా. లామినేషన్ చేయించాను. పాతిక కాపీలు ఇంట్లో ఉన్నాయి. వచ్చే శనివారం నుంచి వన్ టౌన్ వైపు ఒక్కో కొట్టుకి తెచ్చి ఇస్తాను. కౌంటర్ గ్లాసు కింద పెట్టుకోండి. కుర్రాళ్లకి నీళ్ల పరీక్ష చూపించమంటే కాటా, దారం నేనే తెస్తాను, గ్లాసు మీరివ్వండి.

అత్తయ్య ఆ 1911 కాసు అమ్మనంటోంది. 1912దాన్ని మాత్రం నాకిచ్చేసింది, తొండ బొమ్మది. అది కూడా తెస్తాను, దొంగది ఎలా ఉంటుందో చూపించడానికి పనికొస్తుంది.

ఇట్లు,
సత్యనారాయణపురం నుంచి
ఒక రిటైరైన ల్యాబ్ అసిస్టెంట్